పప్పన్నం ఎప్పుడని అడిగితే ఏం చెబుదాం?

ఆదివారం పొద్దున్నే అమ్మ దగ్గర్నుంచి ఫోనంటే గుండెల్లో రాయి పడుతోందా తమ్ముడూ? ముందు కుశలాలు అవుతాయి. తిన్నావా, దగ్గు తగ్గిందా, నీళ్ళ ట్యాంకరు వస్తోందా. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగుతుంది చూడు, అక్కడే మనకి అర్థమైపోతుంది. "మీ పెద్దత్త వాళ్ళ ఆడపడుచు కూతురట. బీటెక్ చేసిందట, గచ్చిబౌలిలోనే ఉద్యోగమట. ఫొటో వాట్సాప్‌లో పెట్టాను, ఒక్కసారి చూడు నాన్నా." మనం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వంటింటివైపు చూస్తాం. ఏళ్ళ తరబడి మనతో కలిసి బతుకుతున్న మనిషి, పోపు చప్పుడు అమ్మకి వినపడకుండా స్టవ్ కట్టేసి నిలబడి ఉంటాడు. అమ్మ లెక్కలో అతను ఇంకా మన రూమ్మేటే. "చూస్తాలే అమ్మా" అని పెట్టేస్తాం. ఇక ఆ పూట ఇద్దరికీ ముద్ద దిగదు.

మనలో చాలామందికి ఇదే కథ. ముప్పై దాటాక చుట్టాలిళ్ళల్లో శుభకార్యమంటేనే భయం. భోజనాల బంతిలో ఎవరో ఒకరు తలెత్తి "మరి నువ్వెప్పుడురా మాకు పప్పన్నం పెట్టేది?" అంటారు. నవ్వి ఊరుకుంటాం. అలా ఎన్నేళ్ళని నవ్వుతాం చెప్పు? అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుందాం, టీ తాగుతూ ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం. మధ్యలో నేను కాస్త గట్టిగా చెప్పినా ఏమీ అనుకోకు, అక్కని కదా.

ముందు ఆ గట్టి మాటే చెప్పేస్తాను. అమ్మ మంచమెక్కినా, నాన్న నెల్లాళ్ళు మాట్లాడకపోయినా, ఒక ఆడపిల్ల మెళ్ళో మాత్రం తాళి కట్టకు. "పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఏమీ సర్దుకోవు నాన్నా. పుట్టింటిని వదిలి నిన్ను నమ్ముకుని వచ్చిన ఆ పిల్ల, నువ్వెందుకు దగ్గరికి రావో తెలియక తనలోనే ఏదో లోటుందని కుమిలిపోతుంది. ఏడాది తిరిగేసరికి "ఇంకా విశేషం ఏమీ లేదా?" అని అడగడం మొదలవుతుంది. పరీక్షలు ఆమెకే, మొక్కులు ఆమెకే, మాటలు పడేదీ ఆమే. ఆమె కూడా ఎవరో ఒకరి చెల్లెలే కదా? ఇక ఇన్నాళ్ళు నీతో కాపురం చేసినవాడి సంగతి. తన మనిషి పెళ్ళి ఫొటోలు ఫేస్‌బుక్‌లో చూసుకోవాల్సిన గతి పగవాడికి కూడా వద్దు.

కొందరు ఇంకో దారి చెబుతారు. అమ్మాయిల్ని ఇష్టపడే అమ్మాయిని వెతుక్కుని, లోకం కోసం పెళ్ళి చేసుకుని, లోపల ఎవరి బతుకు వాళ్ళు బతకడం. 2022లో వచ్చిన 'బధాయి దో' హిందీ సినిమా కథ అదే. అందులోనూ పెళ్ళయిందో లేదో, పిల్లలెప్పుడని పోరు మొదలవుతుంది. ఒక ఇంట్లో దాచేదాన్ని రెండిళ్ళల్లో దాచుకోవాలి. నన్నడిగితే వద్దనే అంటాను.

మరి వాయిదాలు వేద్దామా? ప్రమోషన్ రానీ, ఫ్లాటు కొననీ, చెల్లి పెళ్ళి అవనీ... ఆ పూటకి గండం గడుస్తుంది, నిజమే. కానీ మనం వేసే ప్రతి వాయిదా అమ్మకి ఒక ఆశ. ఆవిడ చీటీ పాడి బంగారం కొని దాస్తుంది. కల్యాణమండపం అద్దెలు కనుక్కుంటుంది. పంతులుగారు చెప్పిన పూజ చేయిస్తుంది. అందుకని మొదటి నిజం ఒక్కటి చెప్పేద్దాం. "అమ్మా, నేను పెళ్ళి చేసుకోను. ఇప్పుడే కాదు, ఎప్పటికీ. నాకు సంబంధాలు చూడొద్దు." ఎందుకన్నది అదే రోజు చెప్పక్కర్లేదు. మ్యాట్రిమొనీలో నీ పేరున ప్రొఫైల్ ఉంటే మాత్రం ఈ వారంలోనే తీయించెయ్. అది ఉన్నంతకాలం ఎక్కడో ఒక ఆడపిల్ల తండ్రి నీ బయోడేటా జేబులో పెట్టుకుని తిరుగుతుంటాడు.

ఇప్పుడు అమ్మ దగ్గరికొద్దాం. ఆవిడ పోరుతోందని మనకి కోపం. కానీ ఆ పోరులో ఏముందో ఎప్పుడైనా నింపాదిగా విన్నామా? "మేం పోయాక నీకెవరున్నార్రా?" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో ఈసారి గమనించు. జ్వరమొస్తే జావ కాచి ఇచ్చేదెవరు, ముసలితనంలో గుక్కెడు నీళ్ళు అందించేదెవరు, ఆఖరికి కొరివి పెట్టేదెవరు. ఆవిడకి తెలిసిన లోకంలో వీటన్నిటికీ జవాబు పెళ్ళాం, పిల్లలే. అందుకే పెళ్ళి పెళ్ళి అంటుంది. కొడుకు ఒంటరిగా మిగిలిపోడన్న భరోసా దొరికితే ఆ తల్లి మనసు సగం కుదుటపడుతుంది. ఆ భరోసా మనింట్లో నిలువెత్తున తిరుగుతోంది కదా, మరి ఆవిడ కంట పడనివ్వకుండా దాస్తున్నదెవరు?

అమ్మ వస్తోందంటే మనం చేసే హడావిడి గుర్తుతెచ్చుకో. రెండో గదిలో ఎవరూ పడుకోని మంచానికి కొత్త దుప్పటి పరుస్తాం. ఇద్దరం కలిసి దిగిన ఫొటోలు గోడ మీంచి తీసి అట్టపెట్టెలో పెడతాం. అతన్ని నాలుగు రోజులు స్నేహితుడింటికి పంపేస్తాం. తీరా ఆవిడ వచ్చాక చూసేదేమిటి? ఖాళీ ఇల్లు, స్విగ్గీలో తెప్పించుకు తింటున్న కొడుకు. బెంగ పెరగదూ మరి?

ఈసారి అతన్ని పంపించకు. ఏ ప్రకటనా వద్దు, ఇంట్లో మామూలుగా ఉండనివ్వు, చాలు. నాకు తెలిసిన ఒక జంట ఉంది కూకట్‌పల్లిలో. అందులో పెద్దబ్బాయికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. వాళ్ళమ్మ రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఆస్పత్రికొస్తే, మంచం పక్కన స్టూలు మీద రెండో అబ్బాయి కూర్చునే నిద్రపోతున్నాడు. ఒళ్ళో చిన్న నోటుబుక్కు. ఏ గంటకి ఎంత జ్వరం, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాడు, ఒంటికి ఎన్నిసార్లు వెళ్ళాడు, పొద్దుటి కౌంటెంత, సాయంత్రం కౌంటెంత, అన్నీ గీతలు కొట్టి వరసగా రాసి ఉన్నాయి. నర్సమ్మ వచ్చి, తన కాగితాలకన్నా ముందు ఆ పుస్తకమే అడిగి చూసుకుంది. ఆ తల్లి ఉన్నన్నాళ్ళూ ఏమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం తను తెచ్చిన సున్నుండల డబ్బా కొడుక్కి కాకుండా ఆ అబ్బాయి చేతిలో పెట్టింది. అసలు మాట వాళ్ళింట్లో రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. వచ్చేనాటికి ఆవిడకి సగం తెలిసే ఉంది.

అంత జ్వరం రావాల్సిన పనిలేదులే. చిన్న చిన్నవి చాలు. మన మాటల్లో అతని పేరు మామూలుగా దొర్లనిద్దాం. "రూమ్మేటు కొన్నాడు" అనకుండా పేరు పెట్టి చెబుదాం. నాన్న బీపీ మాత్రలు అయిపోయాయంటే ఆన్‌లైన్‌లో అతన్నే తెప్పించి పంపమందాం. తెప్పించింది ఎవరో చెబుదాం. ఊళ్ళో ఏ గృహప్రవేశానికో ఇద్దరం కలిసే వెళదాం. మన మనిషి మంచితనం వాళ్ళకి తెలిశాక చెప్పే నిజం వేరు, ముక్కూ మొహం తెలియనివాడి గురించి చెప్పే నిజం వేరు.

చెప్పే రోజుకి కూడా ఒక పద్ధతుంది. పండగ పూట వద్దు. ఎవరి పెళ్ళిలోనో అసలు వద్దు. గొడవ పడుతూ, కోపంలో నోరుజారి చెప్పడం అన్నిటికన్నా చెడ్డది. ముందు ఇంట్లో ఒక్కరిని నీవైపు తెచ్చుకో, అక్కో, పిన్నో, మేనమామో. నువ్వు చెప్పేసి హైదరాబాద్ బస్సెక్కాక అమ్మ పక్కన కూర్చుని ఓదార్చడానికి ఒక మనిషి ఉండాలి కదా. ఆ మాట మన మాటల్లోనే చెప్పు. "గే" అంటే ఆవిడకి తెలిసింది సినిమాల్లో చూసిన వెకిలి వేషమే అయివుండొచ్చు. "నాకు చిన్నప్పట్నుంచీ అబ్బాయిల మీదే మనసు పోయేదమ్మా. మార్చుకోవాలని చూశాను, అది మారేది కాదు. ఇన్నేళ్ళుగా నాతో ఉన్నవాడు నా తోడు. మేం బాగున్నాం." ఇంతే. తర్వాత వాదించకు. ఏడిస్తే ఏడవనీ. నీ మనసు నీకే అర్థమవడానికి ఎన్నేళ్ళు పట్టింది? ఆవిడకి ఒక్క సాయంత్రంలో ఎలా అర్థమవుతుంది?

"నా పెంపకంలో ఏం లోపం జరిగింది?" అని అడుగుతుంది, చూస్తూండు. ఏ లోపమూ లేదని నువ్వే చెప్పాలి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాలి. అబ్బాయి అబ్బాయిని ఇష్టపడటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1990లో. మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం కూడా ఇది జబ్బు కాదని 2018లో చెప్పింది. అయినా ఎవరో ఒకరు "ఫలానా డాక్టరు దగ్గర మందుంది, ఫలానా స్వామి తాయెత్తు కడతాడు" అని బయల్దేరతారు. 'మార్చేస్తాం' అని వైద్యం చేయడం వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకి రాసింది. కాబట్టి ఆ గుమ్మం తొక్కకు. అమ్మానాన్నలకి గాని మనకి గాని మనసు మరీ బరువెక్కితే, 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. సాయం అడగడానికి మొహమాటమెందుకు?

అన్ని ఇళ్ళూ సున్నుండలిచ్చే ఇళ్ళు కావని నాకూ తెలుసు. చెయ్యి చేసుకునే నాన్నలున్నారు, ఫోన్ లాక్కుని గదిలో పెట్టి గడియ వేసే అన్నలున్నారు. మీది అలాంటి ఇల్లయితే నిజం చెప్పే తొందర అసలు వద్దు. ముందు సొంత సంపాదన, సొంత చూరు. ఆధార్, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు నీ దగ్గరే ఉండాలి. ఒంటరిగా ఊరికి వెళ్ళకు, వెళ్ళినా ఎప్పుడు తిరిగొస్తావో ఇద్దరు స్నేహితులకి చెప్పి వెళ్ళు. ఒకవేళ ఎవరినైనా అలా నిర్బంధిస్తే కోర్టు తలుపు తట్టొచ్చు. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకామెని తండ్రి తీసుకెళ్ళి నర్సీపట్నంలో ఉంచేస్తే, రెండో అమ్మాయి ఆమెని కోర్టు ముందుకి తీసుకురమ్మని హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. మేజరైన మనిషి తనకి నచ్చినవాళ్ళతో ఉండొచ్చు, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు వేసి, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళి ఒక్కటే మార్గం కాదంది.

"అయితే అక్కా, మేం పెళ్ళి రిజిస్టర్ చేయించుకోవచ్చా?" ఇప్పటికి లేదు నాన్నా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ భయం తీసేసింది, కలిసి ఉండటం నేరం కాదు. కానీ 2023 అక్టోబరు 17 తీర్పులో పెళ్ళి హక్కు తాము ఇవ్వలేమని, అది చట్టసభల పని అని చెప్పింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ కొట్టేసింది. ఆ కేసుకి పేరిచ్చిన జంట మన హైదరాబాద్ వాళ్ళే, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. దాదాపు పదేళ్ళు కలిసి బతికి, 2021 డిసెంబరులో నగర శివార్లలో ఇంట్లోవాళ్ళ, స్నేహితుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలో ఎక్కకపోవచ్చు గాని, నలుగురిని పిలిచి భోజనం పెట్టడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఆ తీర్పు వచ్చిన రోజు నాకూ బాధేసింది. అమెరికాలో 2015 నుంచి ఈ పెళ్ళిళ్ళు చెల్లుతున్నాయి, అక్కడ చేసుకున్న మన తెలుగు జంటలకీ ఇక్కడ దిగగానే ఆ కాగితం పనికిరాకుండా పోతోంది.

బాధపడుతూ కూర్చోకుండా మన చేతిలో ఉన్న కాగితాల పని చూద్దాం. ఇక్కడ నేను నిజంగానే పెత్తనం చేస్తాను. ఎందుకంటే ప్రేమ ఎంతున్నా, ఒకరికి రాకూడనిది ఏదైనా వస్తే రెండోవాడు ఇంటి బయట నిలబడాల్సి వస్తుంది. పెళ్ళికాని హిందూ మగవాడు వీలునామా లేకుండా పోతే ఆస్తి ముందుగా తల్లికి వెళుతుంది, ఆవిడ లేకపోతే తండ్రికి, ఆ తర్వాత తోడబుట్టినవాళ్ళకి. ఇరవయ్యేళ్ళు కలిసి ఈఎంఐ కట్టినవాడి పేరు ఆ వరసలో ఎక్కడా రాదు. కాబట్టి ఇద్దరూ చెరొక వీలునామా రాసుకోండి. దానికి స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి వాళ్ళూ సంతకాలు పెట్టాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో ఆ మనిషిని మాత్రం సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో చేయించండి, రేపు ఎవరైనా గొడవ చేస్తే అది అడ్డం నిలుస్తుంది. ముస్లిం తమ్ముళ్ళకి వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకి మించి రాసే వీలుండదు, వాళ్ళు లాయరుతో మాట్లాడి బతికుండగానే ఇచ్చే దారి చూసుకోవాలి. ఫ్లాటు ఇంకా కొనలేదంటే ఇద్దరి పేర్లమీదా కొనండి, ఆ ఒక్క పనితో సగం తలనొప్పి పోతుంది.

జాయింట్ అకౌంటు ఇవ్వరేమోనని భయపడేవాళ్ళున్నారు. స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ చెప్పింది, రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకులకి చెప్పేసింది. రేషన్ కార్డుకి ఒకే కుటుంబంగా చూడమని రాష్ట్రాలకి కేంద్రం రాసింది. దగ్గరి బంధువులెవరూ లేనప్పుడు పార్థివదేహాన్ని తోడుగా ఉన్న మనిషికి అప్పగించే ఏర్పాటు చేయమని ఆరోగ్య శాఖ కూడా రాసింది. కౌంటర్లో ఉన్నవాళ్ళకి తెలియకపోతే మేనేజరుని అడగండి, తల దించుకుని వెనక్కి రావద్దు.

అయితే నామినీ అనగానే అంతా అయిపోయిందనుకోకు. నామినీ డబ్బు తీసుకునేవాడే, సొంతదారు కాదు. వారసులు అడిగితే ఇవ్వాల్సిందే. అందుకే వీలునామా వెనకుండాలి. పీఎఫ్‌ దగ్గర ఇంకో మెలికుంది. నీమీద ఆధారపడిన అమ్మానాన్నలుంటే నామినీగా కుటుంబంలోనివాళ్ళనే రాయాలి, బయటివాళ్ళ పేరు చెల్లదు. ఆ డబ్బు అమ్మకే వెళ్ళనీ, దానికి బదులు ఇంకేదైనా పొదుపు నీ తోడు పేరున చూడు.

ఆస్పత్రి సంగతి. "పేషెంటుకి మీరేమవుతారు?" అన్న ప్రశ్నకి మన నోరు పెగలదు. మంచి ఆరోగ్యంతో ఉన్నప్పుడే ముందస్తు వైద్య సూచనల పత్రం రాసుకోండి. 2023లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గాని గెజిటెడ్ ఆఫీసరు గాని సంతకం చేస్తే సరిపోతుంది. నా తరఫున నిర్ణయం చెప్పాల్సింది ఫలానా మనిషి అని అందులో పేరు రాయొచ్చు. అది చివరి దశ వైద్యానికి పనికొచ్చేది కాబట్టి, మామూలు చికిత్సలకి కూడా ఇలాంటి అనుమతి పత్రం ఇంకొకటి రాసి నోటరీ చేయించి, ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. ఇవన్నీ రెండు శనివారాల పని. వాయిదా వేయకు, నేను మళ్ళీ అడుగుతాను.

ఇక పిల్లలు. దీని దగ్గరికొచ్చేసరికి నా గొంతు కూడా మెత్తబడుతుంది. వంశం నిలబడాలన్న పెద్దల మాట ఒక ఎత్తు, మనకే ఒక పాపో బాబో కావాలనిపించడం ఇంకో ఎత్తు. స్కూలు బస్సు దిగి బరువైన సంచీతో ఊగుతూ వచ్చే పిల్లల్ని బాల్కనీలోంచి చూస్తూ నిలబడిపోయే తమ్ముళ్ళున్నారు. వాళ్ళకి ధైర్యం చెప్పాలని నోరు తెరుస్తాను గాని, ఉన్న మాటే చెప్పాలి. దారి ఇరుకు. 2021 సరోగసీ చట్టం పెళ్ళయిన జంటలకి, 35 నుంచి 45 ఏళ్ళ వితంతువులకి, విడాకులు తీసుకున్న స్త్రీలకే వీలిచ్చింది. దత్తత జంటగా ఇవ్వరు. ఒంటరి మగవాడికి మగపిల్లాణ్ణి దత్తత తీసుకునే వీలుంది, ఆడపిల్లని ఇవ్వరు. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే తీసుకునేవాడికి నలభై దాటకూడదు. పైగా సహజీవనంలో ఉన్నవాళ్ళు ఒంటరిగా పెట్టుకునే దరఖాస్తులు తీసుకోవద్దని దత్తత చూసే 'కారా' 2022లో చెప్పింది. ఆ పెళ్ళి హక్కు తీర్పులోనే సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఈ నిబంధన తప్పన్నారు, మిగతా ముగ్గురు ఒప్పుకోలేదు. రేపు మారొచ్చు. ఈలోగా దత్తత తెలిసిన లాయరుతో మాట్లాడకుండా ఫారం నింపకు. ఎవరో క్లినిక్‌ వాళ్ళు "మేం చూసుకుంటాం, డబ్బు కట్టండి" అంటే ఆ చాయలకి పోకు. అమ్మ పొత్తిళ్ళలోంచి పసికందుని కొని తేవడం నేరం, పైగా పెద్దయ్యాక ఆ బిడ్డ "నేనెక్కడి నుంచి వచ్చాను?" అంటే ఏం చెబుతాం?

బిడ్డ రాకపోతే ఆ దుఃఖం దుఃఖమే. పెళ్ళయి పిల్లలు లేని దంపతులు పడే దుఃఖమే ఇదీ. ఇద్దరూ కలిసి ఏడవండి, పరవాలేదు. అక్క పిల్లలున్నారు, వాళ్ళ లెక్కల హోంవర్కులున్నాయి. వేసవి సెలవులకి నీ దగ్గరికే పంపమను. ఒక పిల్ల చదువుకి ఫీజు కట్టు. అమ్మకి మనవలు కావాలంటే వాళ్ళని దగ్గర చేయడం కూడా మన పనే. ఇవేవీ కన్నబిడ్డతో సమానమని నేననను. ఖాళీగా ఉన్న చేతులకి పని దొరుకుతుంది, మనసు కొంచెం తేలికపడుతుంది.

ఈ గొడవలన్నిటిలో మనం మర్చిపోయేది ఇంట్లో మన ఎదురుగా ఉన్న మనిషిని. బయటి ఒత్తిడంతా చివరికి వంటింట్లోకే వస్తుంది. "నేను మా ఇంట్లో చెప్పేశాను, నువ్వెందుకు చెప్పవు?" అన్న గొడవ ఎన్ని జంటల్ని విడదీసిందో. ఇద్దరి ఇళ్ళూ ఒకలాంటివి కావు. ఒకరి నాన్న రిటైర్డ్ టీచరు, ఇంకొకరి నాన్నకి గుండెజబ్బు. చెప్పలేకపోవడం ప్రేమ లేకపోవడం కాదని ముందు ఒప్పుకుందాం. అలాగని చెప్పనివాడు కూడా ఊరికే కూర్చోకూడదు. ఈ ఏడాది ఇంతవరకు చేస్తాను, అక్కకి చెబుతాను, పెళ్ళిచూపులకి కూర్చోను అని తన మనిషికి మాటివ్వాలి, నిలబెట్టుకోవాలి. పెళ్ళిచూపులకి "అమ్మ కోసం ఒక్కసారి" వెళ్ళి రావడం కూడా వద్దు. ఇంటిదగ్గర ఎదురుచూసేవాడికి ఆ ఒక్క సాయంత్రం ఎంత పొడుగో ఆలోచించు. అమ్మ ఫోను వచ్చిన రోజు ఇద్దరూ కలిసి బయటికెళ్ళి ఇడ్లీ తినిరండి, ఆ సంగతి ఆ రోజుకి ఇంట్లో మాట్లాడకండి.

ఇది ఏ తల్లి చేతిలోనైనా పడితే, వదినగారూ, మీతో కూడా రెండు మాటలు. మీరు ఏడవడం నాకర్థమవుతుంది. కొడుకు పెళ్ళిలో కట్టుకోవాలనుకున్న పట్టుచీర మీ బీరువాలో మడత విప్పకుండా ఉంది. "నలుగురికీ ఏం చెప్పను?" అన్నదే కదా మీకు నిద్ర పట్టనివ్వనిది? "మావాడు పెళ్ళి చేసుకోడండీ, హాయిగా ఉన్నాడు" అని చెప్పి, వాళ్ళ అమ్మాయి సీమంతం ఎప్పుడో అడగండి. రెండోసారి అడిగినా అదే మాట. మూడోసారి ఎవరూ అడగరు. ముంబైలో మొదలైన 'స్వీకార్' అనే తల్లిదండ్రుల బృందం ఉంది, మీలాగే మొదట్లో కుమిలిపోయినవాళ్ళు అందులో ఎందరో. 2023 ఏప్రిల్‌లో నాలుగు వందలమందికి పైగా అమ్మానాన్నలు తమ పిల్లలకి పెళ్ళి హక్కు ఇమ్మని ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. మనసు విప్పుకోవాలనిపిస్తే అలాంటివాళ్ళు మీకూ దొరుకుతారు, మీ అబ్బాయినే అడగండి, వెతికి పెడతాడు.

అన్నిటికన్నా ముందు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి నాలుగు రోజులుండండి. ఆవకాయ ఈసారి ఇద్దరికి సరిపడా కట్టండి. ఆ రెండో అబ్బాయికి కారం పడుతుందో లేదో, వెల్లుల్లి తింటాడో లేదో, కలిపే ముందు మీవాడికి ఫోన్ చేసి కనుక్కోండి.